పిల్లలకు చప్పట్లు – తల్లులకు వలలు

(బి.ఎస్సీ. మూడో సంవత్సరం విద్యార్థి)

నిరుడు మార్చి నెలలో ఒక ఆదివారం పొద్దున్నే మా క్లాసువాళ్లం ఇరవై మందిమి బీచికి వెళ్లాం. సముద్రపు తాబేటి పిల్లల్ని నీళ్లలోకి వదిలే కార్యక్రమం ఉంది, రమ్మన్నారు. ఆరు గంటలకల్లా అక్కడ ఉన్నాం. పిల్లలు రాత్రే గూట్లోంచి పైకి వచ్చాయట. వాటిని ప్లాస్టిక్ తొట్టెల్లో పోసి ఉంచారు. ముఖ్య అతిథిగారు వస్తే గాని వదలకూడదు. ఆయన వచ్చేసరికి తొమ్మిదిన్నర అయింది. అంతసేపూ ఆ చిన్న ప్రాణులు తొట్టె గోడల్ని గీకుతూనే ఉన్నాయి. ఎండెక్కింది. తర్వాత ఉపన్యాసం, శాలువా, చప్పట్లు అన్నీ సక్రమంగా జరిగాయి. ఇసక మీద వదిలితే చాలా పిల్లలు నీళ్లలోకి పోయాయి గాని, కొన్ని నాలుగడుగులు వేసి ఆగిపోయాయి. నేనూ ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని నవ్వుతూ ఫొటో దిగాను.

ఆ సాయంత్రం అదే ఒడ్డున ఒక కిలోమీటరు దూరం నడిస్తే రెండు పెద్ద తాబేళ్లు చచ్చిపడి ఉన్నాయి. ఒంటి మీద గాయం లేదు. మెడ వాచి, కళ్లు ఉబ్బి ఉన్నాయి. కుక్కలు అప్పటికే చేరాయి. అక్కడ శాలువా కప్పేవారు గాని, ఫొటో తీసేవారు గాని ఎవరూ లేరు.

ఆ కార్యక్రమం ఎవరిదో చెప్పడం నా ఉద్దేశం కాదు. తప్పు అక్కడ నిలబడి చప్పట్లు కొట్టిన అందరిదీ, అందులో నాదీ. కాని ఆ రోజు నుంచి ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. పిల్లల కోసం ఇంత హడావిడి చేసే మనం తల్లుల సంగతి ఎందుకు పట్టించుకోం? ఆ ప్రశ్నను విద్యార్థి మిత్రుల ముందూ, గురువుల ముందూ, ఈ కాలేజీలో చదువుకుని పెద్దవాళ్లయిన వారి ముందూ పెట్టడానికే ఈ నాలుగు మాటలు.

ముందు నా సంగతి చెప్పుకోవాలి. మాది ఉద్దానం. శ్రీకాకుళం జిల్లాలో సముద్రాన్ని ఆనుకుని కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలుండే నేల. మా నాన్న రైతు. చిన్నప్పుడు మేం తాబేటి గుడ్లు తవ్వేవాళ్లం. తాబేలు వచ్చిపోయిన జాడ ట్రాక్టరు చక్రం గుర్తులా ఇసక మీద కనబడేది. ఆ జాడ పట్టుకుని పోయి, కర్రతో పొడిచి చూసి, మెత్తగా దిగిన చోట తవ్వితే గుడ్లు దొరికేవి. పింగ్‌పాంగ్ బంతిలా గుండ్రంగా, తెల్లగా ఉంటుంది ఆ గుడ్డు. పెంకు గట్టిగా ఉండదు, నొక్కితే సొట్టపడుతుంది. ఒకళ్ల మీద ఒకళ్లం విసురుకున్నాం. మిగిలినవి కుక్కలకు వేశాం. ఎవరూ మమ్మల్ని తిట్టలేదు. శ్రీకూర్మంలో కూర్మనాథుడికి దండం పెట్టుకుని వచ్చిన కాళ్లతోనే ఆ గూళ్లు తవ్వామని తల్చుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. అందుచేత ఇది నీతులు చెప్పే అధికారం ఉన్నవాడు రాస్తున్న వ్యాసం కాదని మనవి.

మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చేది ముఖ్యంగా ఆలివ్ రిడ్లీ అనే జాతి. సముద్రపు తాబేళ్లలో ఇది చిన్నది. పెరిగినది రెండడుగులకు కాస్త అటూ ఇటూ పొడవు, నలభై కిలోల దాకా బరువు ఉంటుంది. సంక్రాంతి నుంచి ఉగాది దాటేదాకా, అంటే జనవరి నుంచి ఏప్రిల్ వరకు, ఆడ తాబేళ్లు రాత్రిపూట ఒడ్డెక్కుతాయి. ఆటుపోట్ల నీరు అందని చోటు చూసుకుని, వెనక కాళ్లతో అడుగున్నర లోతున కుండలాంటి గొయ్యి తవ్వి, నూరు నుంచి నూట ఇరవై దాకా గుడ్లు పెడతాయి. ఇసక కప్పి, ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ ఆ చోటును దిమ్మిస కొట్టినట్టు అదిమి, మళ్లీ సముద్రంలోకి వెళ్లిపోతాయి. అంతా కలిపి గంట పని. ఆ సమయంలో దాని కళ్ల వెంట నీళ్లు కారతాయి. ప్రసవ వేదన అని మా ఊళ్లో అనుకునేవాళ్లు. నిజానికి అది ఒంట్లోని అదనపు ఉప్పును బయటకు పంపే ఏర్పాటు.

ఆ తర్వాత ఆ గూటికి తల్లి లేదు, తండ్రి లేడు. ఇసక వేడే పొదుగు. నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో పిల్లలు వస్తాయి. పుట్టేది ఆడా మగా అన్నది కూడా ఆ వేడే తేలుస్తుంది. ఇసక సుమారు 29, 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే రెండూ కలిసి పుడతాయి. వేడి పెరిగితే ఆడవి, తగ్గితే మగవి ఎక్కువవుతాయి. అన్నీ ఒక్కసారి ఇసక తోసుకుని, ఎక్కువగా రాత్రి చల్లబడ్డాక, పైకి వస్తాయి. సముద్రం మీది వెలుగు చూసి అటు పరిగెత్తుతాయి. పుట్టిన మొదటి రోజు వాటికి ఒక ఉధృతి ఉంటుంది. కడుపులో మిగిలిన పచ్చసొన బలంతో ఆగకుండా ఈది అలలు దాటి లోతు నీళ్లకు చేరాలి. మేం తొట్టెలో నిలవబెట్టిన ఆ మూడున్నర గంటలు వాటి ఆ బలం లోంచే ఖర్చయ్యాయి. ఈ సంగతి జంతుశాస్త్రం చదివే నాకు ఆ పొద్దున తెలియకపోలేదు. అయినా నోరెత్తలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ పిల్లల్లో పెద్దయ్యేవి ఎన్ని? వెయ్యింటికి ఒకటి అని సాధారణంగా వేసే అంచనా. అది గుడ్లు పెట్టే వయసుకు రావడానికి పది పదిహేనేళ్లు పడుతుంది. అంటే ఒడ్డెక్కిన తల్లి తాబేలు ఒక్కటి కనబడిందంటే, దాని వెనక వందలాది గుడ్ల నష్టమూ, పదిహేనేళ్ల కాలమూ ఉన్నాయన్నమాట. ఆ తల్లి బతికితే ఇంకా ఎన్నో ఏళ్లు గుడ్లు పెడుతుంది. దాన్ని వలలో పోగొట్టుకుని, నూరు పిల్లల్ని నీళ్లలో వదిలి లెక్క సరిపోయిందనుకుంటున్నాం.

ఈ లెక్క నాకు పుస్తకం కంటే ముందు మా తోటే నేర్పింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానాన్ని ఊడ్చిపెట్టినప్పుడు మా కొబ్బరిచెట్లు నేలమట్టం అయ్యాయి. మా తాత నాటిన చెట్లవి. తర్వాత మొక్కలు వచ్చాయి, నాటాం. మా నాన్న ఆ మొక్కల్ని చూసి సంతోషించలేదు. పడిన చెట్టు ఆ నెల కాయ ఇచ్చే చెట్టు. మొక్క కాపుకు రావాలంటే ఆరేడేళ్లు. ఈలోగా పశువులూ పురుగూ వదిలినవే చెట్లవుతాయి. కాపు చెట్టును పోగొట్టుకున్న రైతును “మొక్క ఉందిగా” అని ఓదార్చబోతే ఒప్పుకుంటాడా? తాబేళ్ల విషయంలో మనం మాత్రం మొక్కల్ని చూపించి చెట్ల సంగతి మరిపిస్తున్నాం.

మరి తల్లులు ఎలా చస్తున్నాయి? తాబేలు నీళ్లలో ఉన్నా ఊపిరితిత్తులతోనే బతుకుతుంది. మధ్య మధ్య పైకి వచ్చి గాలి పీల్చుకోవాలి. రొయ్యల కోసం మరబోట్లు అడుగు అంటేలా లాగే ట్రాల్ వల రెండు మూడు గంటలు నీళ్లలో ఉంటుంది. అందులో చిక్కిన తాబేలు పెనుగులాడి, ఊపిరాడక చనిపోతుంది. గాయం లేకుండా మెడ వాచిన కళేబరాలకు ఇదే ముఖ్యమైన కారణంగా శాస్త్రజ్ఞులు చెబుతారు. జోడు కట్టడానికీ, గుడ్లు పెట్టడానికీ అవి ఒడ్డు దగ్గరకు వచ్చే నెలలే రొయ్యల వేట ముమ్మరంగా సాగే నెలలు. 2025 జనవరిలో చెన్నై తీరానికి వందలాది తాబేళ్ల కళేబరాలు కొట్టుకువచ్చి దేశమంతా వార్త అయింది. మన తీరంలో పదీ ఇరవై చొప్పున ఏటా కొట్టుకొస్తున్నాయి కాబట్టి వార్త కావడం లేదు.

ఇవి ఏదో ఒక ఊరి తాబేళ్లు కావు. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వెళితే గంజాం జిల్లాలో రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఇవి మూకుమ్మడిగా ఒడ్డెక్కుతాయి. 2025 ఫిబ్రవరిలో అక్కడ ఆరు లక్షలకు పైగా గూళ్లు పెట్టాయని లెక్క. ఇంకా పైన గహిర్‌మాథా ఉంది. ఆ చోటు 1974లో శాస్త్రలోకానికి తెలిసింది. మన కళింగపట్నం, భీమిలి, కాకినాడ దగ్గరి హోప్ ఐలాండ్, కృష్ణా అలివి ప్రాంతాల్లో అవి ఒకటీ రెండుగా విడివిడిగా గుడ్లు పెడతాయి. ఒడిశా తాబేళ్లు దక్షిణాన శ్రీలంక నీళ్ల దాకా పోయి వస్తుంటాయి. 2021లో ఒడిశాలో బిళ్ల కట్టిన ఒక తాబేలు 2025 జనవరిలో మహారాష్ట్రలోని గుహాగర్ తీరాన గుడ్లు పెడుతూ కనబడింది. కాబట్టి ఒడిశాలో లక్షలున్నాయి కదా అని మనం నిశ్చింతగా ఉండడానికి లేదు. వాటి దారి మన ముంగిట్లోంచే.

ఇంతవరకు చదివి “అయితే తప్పంతా జాలర్లదే” అనుకునే మిత్రులకు ఒక మాట. నేనూ అలాగే అనుకున్నాను. మొన్న సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మా ఊరిని ఆనుకున్న పల్లెలో వల అల్లుకుంటున్న ఒక ముసలాయన దగ్గర కూర్చుని అడిగాను. ఆయన అన్నాడు:

“బాబూ, తాబేలు పడితే మాకేటి లాభం? వల సింపేస్తాది, సేపల్ని నలిపేస్తాది. దాన్ని కోరి పట్టినోడు ఎవుడూ నేడు. మా సిన్న పడవలోళ్లం వల కోసి ఒగ్గేస్తాం. పెద్ద బోటోడికి వల ఎత్తీదాకా తెల్దు. తెలిసీతలికి అది సచ్చిపోయుంటాది.”

“తాబేలు తప్పించుకునే చట్రం ఉందట కదా తాతా?” అన్నాను.

“ఉంది. అది ఎడితే రొయ్యలు కూడా జారిపోతాయంటాడు బోటాయన. ఆ నట్టం నువ్విత్తావా, గవుర్మెంటిస్తాదా?”

నా దగ్గర జవాబు లేదు. ఆయన చెప్పిన చట్రాన్ని టెడ్ అంటారు. వల గొంతు దగ్గర కడ్డీల జల్లెడ బిగిస్తారు. రొయ్యలు కడ్డీల సందుల్లోంచి వెనక సంచిలోకి పోతాయి. తాబేలు కడ్డీలకు తగిలి, పైనో కిందో ఉన్న తలుపులోంచి బయట పడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగినట్టుగా ఒకటి తయారుచేసింది కూడా. తాబేళ్లను కాపాడని వలలతో పట్టిన రొయ్యలు కొనమని అమెరికా పెట్టిన ఆంక్ష మీద మన దేశం ప్రపంచ వాణిజ్య సంస్థ దాకా వెళ్లి 1998లో వాదించింది. 2019 నుంచి మన సముద్రపు రొయ్యలకు అక్కడ మళ్లీ తలుపు మూసుకుంది. చెరువుల్లో పెంచిన రొయ్యకు ఆ బాధ లేదు. ఆ దెబ్బ వేటకు వెళ్లేవాడి మీదే పడింది. ఇన్నేళ్లు గడిచినా చట్రం కాగితం మీద ఉన్నంతగా వలలో లేదు.

రైతు కొడుకుగా నాకు ఇందులో ఆశ్చర్యం కనబడదు. గిట్టుబాటు లేకుండా పంట మార్చమంటే రైతు మారడు. జారిపోయే నాలుగు కిలోల రొయ్యల ధర ఎవరు భరిస్తారో తేల్చకుండా చట్రం బిగించమంటే బోటాయనా బిగించడు. ఆ ధర మనం భరించాలి. రొయ్యల వేపుడు తినేవాళ్లమూ, తాబేళ్లు కావాలనేవాళ్లమూ మనమే కదా. చట్రం బిగించిన బోటుకు డీజిలు రాయితీలో కొంత ఎక్కువ ఇస్తే ఏం పోతుంది?

చట్టాల విషయానికొస్తే మనకేమీ తక్కువ లేదు. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టంలో ఈ తాబేలు మొదటి షెడ్యూలులో, పులితో సమానంగా ఉంది. 1994 నాటి మన రాష్ట్ర సముద్ర వేట చట్టం కింద ఒడ్డు నుంచి ఎనిమిది కిలోమీటర్ల లోపు నీళ్లు చిన్న పడవలవి. మరబోటు అక్కడ వల లాగకూడదు. తాబేళ్లు గుంపుకట్టేది ఎక్కువగా ఆ నీళ్లలోనే. అంటే ఈ ఒక్క నిబంధన గట్టిగా అమలైతే తాబేలూ బతుకుతుంది, చిన్న పడవవాడి చేపా వాడికి దక్కుతుంది. మన తూర్పు తీరంలో ఏటా వేట నిలిపేది ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, చేపలు గుడ్లు పెట్టే కాలమని. అప్పటికి తాబేళ్ల రాకపోకలు చాలావరకు ముగుస్తాయి. తీరమంతా ఇంకో రెండు నెలలు వేట ఆపమని నేననను, పల్లెల్లో పొయ్యి వెలగదు. తాబేళ్లు ఎక్కువగా చేరే కొన్ని చోట్లనైనా, ఫిబ్రవరి మార్చి నెలల్లో ఆ ఎనిమిది కిలోమీటర్ల గీతను కాపలా కాయమని మాత్రం అడుగుతాను.

అయితే గుడ్లు కాపాడే పని వద్దంటావా అని అడగవచ్చు. వద్దనను. మన తీరంలో అటవీశాఖవారూ, వారితో కలిసి పల్లె కుర్రాళ్లూ జనవరి నుంచి రాత్రులు టార్చి పట్టుకుని నడుస్తున్నారు. కుక్కలూ నక్కలూ తవ్వేయకముందే గుడ్లు ఏరి, కంచె కట్టిన చోట మళ్లీ గొయ్యి తీసి పాతుతున్నారు. వాళ్లు లేకపోతే విశాఖ లాంటి ఊరి ఒడ్డున ఒక్క గూడు మిగలదు. వాళ్లకు నా నమస్కారం. కాని ఇది నారు పీకి నాటడం లాంటి పని. వేళ దాటితే నారు పాడవుతుంది. గుడ్లను పెట్టిన కొద్ది గంటల్లోనే, తలకిందులు చేయకుండా తరలించాలి. ఆలస్యమైతే లోపలి పిండం చెడుతుంది. కుక్కల బెడద లేని చోట గూటిని కదపకుండా, ఉన్నచోటే జాలీ కప్పి కాపలా ఉండడం అన్నిటికన్నా మంచిది. ఎండలో మాడే కంచెలో పాతితే పిల్లలన్నీ ఆడవే పుట్టే ప్రమాదం ఉంది. పైన తాటాకు పందిరి వేయాలా వద్దా అన్నది థర్మామీటరు చెప్పాలి.

ఇక దీపాలు. బీచిరోడ్డు మీద మనం పెట్టుకున్న వెలుగులు చూసి, పిల్లలు సముద్రం అనుకుని రోడ్డు వైపు వస్తాయి. తల్లులు కూడా వెలుగున్న చోట ఒడ్డెక్కడానికి జంకుతాయి. ఒడ్డు కోతకు అడ్డంగా వేసిన రాళ్లు దాటలేక వెనక్కి పోతాయి. ఇందులో మా రైతుల పాలూ ఉంది. సరుగుడు తోటల్ని నీటి అంచు దాకా వేసిన చోట తాబేలు తవ్వుకోవడానికి ఇసక మిగలలేదు.

మనం చేయగలిగినదేమిటి? చెన్నై విద్యార్థులు 1988లో సొంతంగా ఒక తాబేళ్ల రక్షణ సంఘం పెట్టుకున్నారు. నీలాంకరై నుంచి బీసెంట్ నగర్ దాకా ఏడు కిలోమీటర్ల ఒడ్డును ప్రతి సీజనులో రాత్రుళ్లు నడుస్తూ గూళ్లు కాపాడుతున్నారు. తరాలు మారినా నడక ఆగలేదు. అంతకు ముందు 1970లలో మద్రాసు ఐ.ఐ.టి.లో ఇంజనీరింగు చదువుతూ సముద్రం మీద మనసు పడిన సతీశ్ భాస్కర్ అనే యువకుడు, దేశపు తీరాన్ని వేల కిలోమీటర్లు కాలినడకన తిరిగి ఏ తాబేలు ఎక్కడ గుడ్లు పెడుతోందో రాసిపెట్టాడు. 1982లో తాబేళ్ల కోసం లక్షద్వీపాల్లో మనుషులు లేని సుహేలీ దీవిలో వర్షాకాలమంతా ఒంటరిగా గడిపాడు. 2023లో కన్నుమూశాడు. ఆయన వెంట శాలువాలు లేవు, నోటుబుక్కు ఉంది.

మన యూనియన్‌కు నా విన్నపాలు మూడు. ఒకటి: అటవీశాఖ అనుమతితో జనవరి నుంచి ఏప్రిల్ దాకా వారానికి రెండు రాత్రులు మన విద్యార్థులు గస్తీవారితో నడవాలి. రెండు: ఒక రిజిస్టరు పెట్టాలి. గూళ్లెన్ని, ఇసక వేడెంత, ఒడ్డుకు కొట్టుకొచ్చిన కళేబరాలెన్ని, ఏ తేదీన, ఎక్కడ అన్నది రాయాలి. ముఖ్యంగా కళేబరాల లెక్క. మరబోట్ల గురించి అధికారుల ముందు మాట్లాడాలంటే మన చేతిలో పదేళ్ల లెక్క ఉండాలి. మూడు: పిల్లల్ని వదలడం ఇక మీదట అవి పైకి వచ్చిన వెంటనే, చీకట్లోనే జరగాలి. ముఖ్య అతిథులకు వీలైతే ఆ వేళకే రావాలి. వీలు కాకపోతే తాబేళ్లు వారి కోసం ఆగవు.

ఇదంతా ఇంటి దగ్గర చెబితే మా నాన్న అడిగాడు: “తాబేలు వల్ల మనకేటిరా లాభం?” జెల్లీచేపల్నీ పీతల్నీ తింటుందనీ, చితికిన గుడ్లు ఇసక దిబ్బల మీది మొక్కలకు ఎరువనీ ఏవేవో చెప్పాను. ఆయన నమ్మినట్టు కనబడలేదు. నాకూ అవి చాలిన జవాబుల్లా తోచలేదు. కాసేపటికి నేనే అడిగాను: “కోతలయ్యాక పంచలో వరికంకుల కుచ్చు కడతావు కదా, పిచ్చుకల వల్ల నీకేం లాభం?” ఆయన నవ్వి, “అది లాభానికి కట్టేదా ఏటి” అని తోటలోకి వెళ్లిపోయాడు.

సంపాదకవర్గానికి చివరిగా ఒక మనవి. నిరుటి కార్యక్రమం ఫొటో ఈ సంచికలో వేస్తారని విన్నాను. వేయకపోతే సంతోషిస్తాను. వేయక తప్పకపోతే, అందులో ఎడమ చివర తాబేటి పిల్లను పట్టుకుని నవ్వుతున్నవాడు ఈ వ్యాసం రాసినవాడేనని కింద అచ్చు వేయండి. వచ్చే జనవరిలో ఆ బీచిలో రాత్రి పదకొండు గంటలకు టార్చితో ఉంటాను. రిజిస్టరు కొన్నాను. నడిచేందుకు ఇంకా నలుగురు కావాలి.